గని పక్క ఊరికి పని దక్కాలంటే: దక్షిణ తెలంగాణ చిన్న వ్యాపారులకు, కార్మికులకు సమగ్ర మార్గదర్శి

ఒక టన్ను క్లింకర్ (నూరితే సిమెంటు అయ్యే కాల్చిన గడ్డలు) తయారు కావడానికి సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి ఖర్చవుతుంది. అంత బరువును దూరం మోయడం కంటే సిమెంటు కర్మాగారాన్నే రాయి దగ్గర కట్టుకోవడం చౌక కనుక, కృష్ణా తీరాన వాడపల్లి, దామరచర్ల మొదలుకొని మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం వరకు, పడమట తాండూరు పరిసరాల్లోనూ గనులూ కర్మాగారాలూ ఊళ్లను ఆనుకొని వెలిశాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో గ్రానైట్ క్వారీలు, కంకర క్రషర్లు నడుస్తున్నాయి. ఇంత పని కళ్ల ముందే జరుగుతున్నా టిప్పర్ల దుమ్ము తప్ప తమకేమీ మిగలలేదన్న మాట ఆ ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. అయితే గని డబ్బు దానంతటది ఊళ్లోకి రాదు. ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ (సభలో అన్న మాటల నమోదు), వెండర్ (సరఫరాదారు) నమోదు, వర్క్ ఆర్డరు, గేటు దగ్గర సంతకం పడ్డ చలానా, నియామక పత్రం, అనుభవ ధ్రువపత్రం వంటి కాగితాల వెంటే అది నడుస్తుంది. ఆ కాగితాల్లో స్థానికుల పేరు ఏ దశలో ఎలా ఎక్కించుకోవాలో వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గని అసలు రావాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, దానికి ఊరు చెప్పే జవాబు "వద్దు" అయినా కావచ్చు. నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రతిపాదనను స్థానికులు గట్టిగా వ్యతిరేకించగా, 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ కూడా దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. ఇక్కడ చెప్పేది మాత్రం ఇప్పటికే నడుస్తున్న గనుల గురించి, అనుమతుల దశలో ఉన్న గనుల గురించి.

మొదటి అడుగు: ప్రజాభిప్రాయ సేకరణ నాడే రాయించుకోవడం

పెద్ద గనికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు గానీ ఆయన తరఫున అదనపు కలెక్టరు స్థాయి అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేటులోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ, స్థానిక సంస్థల కార్యాలయాల్లోనూ చూసుకునేందుకు దొరకాలి. సభలో మాట్లాడిన మాటలన్నీ మినిట్స్‌లోకి ఎక్కుతాయి, వీడియో తీస్తారు. సభలో వచ్చిన డిమాండ్లకు కంపెనీ ఇచ్చే హామీలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేరితే, ఆ తరువాత అవి అనుమతి షరతుల్లో భాగమవుతాయి.

అక్కడ చాలామంది "మా ఊరి పిల్లలకు ఉద్యోగాలు ఇవ్వాలి" అని అడుగుతారు, వేదిక మీదివారు "తప్పకుండా" అంటారు, అది అంతటితో సరి. లెక్క కట్టడానికి వీలులేని హామీని ఎవరూ నిలదీయలేరు. దానికి బదులు ఎన్ని ఉద్యోగాలకు ఏయే అర్హతలు కావాలో గని మొదలవడానికి ఏడాది ముందే ప్రకటించాలని, ఆ అర్హతలకు శిక్షణ కంపెనీ ఖర్చుతో ఇప్పించాలని, నిర్ణీత మొత్తంలోపు కొనుగోళ్లకు ముందుగా మండల పరిధిలోని వ్యాపారులనే కొటేషన్ అడగాలని, స్థానిక కొనుగోళ్ల వివరాలను ఏటా గ్రామ సభ ముందు పెట్టాలని అడగడం మేలు. నోటితో చెప్పడంతో సరిపెట్టుకోకుండా అదే విషయాన్ని లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. అనుమతి షరతుల అమలుపై కంపెనీ ఆరు నెలలకోసారి సమర్పించే నివేదికను తన వెబ్‌సైట్‌లో పెట్టాల్సి ఉంటుంది కనుక, ఆ హామీలు ఏమయ్యాయో తరువాత అక్కడే చూసుకోవచ్చు.

భూమి అమ్మేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం భూమి సేకరిస్తే, ప్రాజెక్టులో ఉద్యోగాలు ఏర్పడినప్పుడు ప్రభావిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా నెలకు 2,000 రూపాయలకు తగ్గకుండా 20 ఏళ్లపాటు భృతి అన్న ఏర్పాటు ఉంది. కంపెనీ నేరుగా రైతు దగ్గర కొన్నప్పుడు ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. మధ్యవర్తి "ఉద్యోగం కూడా ఇస్తారు" అన్న మాటకు ధర తగ్గించుకున్నవారు, ఆ మాటను కంపెనీ సంతకంతో ఒప్పంద పత్రంలో రాయించుకోకుండా రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్లకూడదు.

రెండో అడుగు: గని రోజూ ఏం కొంటుందో తెలుసుకోవడం

యంత్రాలతో నడిచే బహిరంగ గనిలో నేరుగా ఉద్యోగం చేసేవారు చాలా తక్కువ. డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, పొక్లెయిన్‌తో లోడింగ్, డంపర్లతో క్రషర్‌కు చేరవేత, ఇంతే. డంపర్లు, పేలుడు పదార్థాలు, క్రషర్ విడిభాగాలు పెద్ద కంపెనీల నుంచి వస్తాయి, వాటి జోలికి స్థానిక వ్యాపారి వెళ్లనవసరం లేదు. స్థానికుడికి ఉన్న ఏకైక బలం దగ్గర ఉండటం. కనుక ఆలస్యమైతే గనికి ఎక్కడ నష్టం వస్తుందో అక్కడే అతని వ్యాపారం ఉంది.

పొక్లెయిన్ హైడ్రాలిక్ గొట్టాన్నే చూడండి. అది పగిలిందంటే నూనె చిమ్మి యంత్రం నిలిచిపోతుంది, దాని వెనక టిప్పర్లు వరుస కడతాయి, మరికాసేపటికి క్రషర్ ఖాళీగా తిరుగుతుంది. కొత్త గొట్టం హైదరాబాద్ నుంచి రావాలంటే షిఫ్టంతా పోతుంది. హుజూర్‌నగర్‌లోనో మిర్యాలగూడలోనో గొట్టాన్ని కొలత ప్రకారం కోసి, చివరలకు ఫిట్టింగులు నొక్కి బిగించే క్రింపింగ్ యంత్రం పెట్టుకున్నవాడు అదే పనిని గంటల్లో ముగిస్తాడు. ఆ రోజు స్టోర్స్ మేనేజరు ధర గురించి బేరమాడడు. రేడియేటర్ మరమ్మతు, ఆటో ఎలక్ట్రికల్ పని, టైర్ల పంచర్లు, మోటారు రీవైండింగ్ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

రెండో రకం, అనుమతి షరతుల వల్ల తప్పనిసరి అయిన పనులు. గని రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలి, పచ్చదనం పెంచాలి, కార్మికులకు రక్షణ సామగ్రి ఇవ్వాలి. మొక్కల నర్సరీ, యూనిఫాంల కుట్టుపని, క్యాంటీన్ వంటివి మహిళా సంఘాలు పొదుపు డబ్బుతోనూ బ్యాంకు లింకేజీతోనూ మొదలుపెట్టగలిగినవి. నీళ్ల ట్యాంకరు మాత్రం ఆలోచించి పెట్టుకోవాలి. వేసవిలో ఊరి బోర్లు ఎండుతుంటే గనికి నీళ్లు తోలిన ట్యాంకరును ఏ గ్రామ సభా క్షమించదు. గని గుంటలో నిలిచిన నీటిని వాడేలా ఒప్పందం చేసుకోగలిగితేనే అది నిలబడే వ్యాపారం.

మూడోది షట్‌డౌన్. కిల్న్ (సున్నపురాయిని కాల్చే కొలిమి) లోపలి అగ్ని నిరోధక ఇటుకలు అరిగిపోతాయి, వాటిని తీసి కొత్తవి పేర్చడానికి కర్మాగారం కొన్నాళ్లు ఆగుతుంది. సిమెంటు గిరాకీ తగ్గే వర్షాకాలంలో ఈ పని ఎక్కువగా పెట్టుకుంటారు. ఆ రోజుల్లో ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు (బరువులు ఎత్తి అమర్చేవారు), తాపీ మేస్త్రీలు, కూలీలు పెద్ద సంఖ్యలో ఒకేసారి కావాల్సి వస్తారు. బయటి నుంచి వచ్చినవారికి గదులు, భోజనం, అద్దె వాహనాలు కావాలి. గమనించాల్సింది ఏమిటంటే, కిల్న్ ఆగగానే సున్నపురాయి నిల్వ నిండిపోయి గని టిప్పర్లు కూడా ఆగుతాయి. అంటే టిప్పర్ యజమాని ఖాళీగా ఉండే రోజులే వెల్డర్‌కు పండగ రోజులు. ఒకే కుటుంబంలో రెండు పనులూ ఉంటే ఆదాయం నిలకడగా ఉంటుంది.

టిప్పర్ కొనేముందు

గని వస్తోందనగానే అందరి మనసూ టిప్పర్ మీదికే పోతుంది, ఫైనాన్సు కంపెనీలూ ముందు అక్కడికే వస్తాయి. నా దృష్టిలో ఇది చివర పెట్టుకోవాల్సిన పెట్టుబడి. ఊళ్లో అందరూ కొన్నాక ట్రిప్పు రేటు పడిపోతుంది, కిస్తీ మాత్రం పడిపోదు. అయినా కొనదలిస్తే నాలుగు ప్రశ్నలకు వర్క్ ఆర్డరులోనే జవాబు ఉండాలి: నెలకు కనీసం ఎన్ని ట్రిప్పులకు హామీ ఉంది, డీజిల్ ధర పెరిగితే రేటు ఏ లెక్కన పెరుగుతుంది, లోడింగ్ దగ్గర గంటలకొద్దీ ఆగితే వెయిటింగ్ చార్జీ ఉందా, అధిక లోడుకు పడే జరిమానా ఎవరిది. కిస్తీ లెక్కను నెలకు 26 రోజుల పని మీద కాకుండా షట్‌డౌన్ నెలను కూడా కలిపి ఏడాది మొత్తం మీద వేసుకోవాలి. పదికి మించని సరుకు వాహనాలున్న యజమాని పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే రవాణా బిల్లులో టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కోయరు. తెలియక కోయించుకుని, రిటర్ను వేయక ఆ డబ్బు వదిలేసుకునేవారు ఎందరో.

మూడో అడుగు: వెండర్ కావడం

పాన్, వ్యాపారం పేరిట కరెంటు ఖాతా, ఉద్యం నమోదు (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు), టర్నోవరు పరిమితి దాటితే జీఎస్టీ (తెలంగాణలో అది 20 లక్షల రూపాయలు), కూలీలను పెట్టుకునే పని అయితే పీఎఫ్ నమోదు. ఇవి చేతిలో ఉంటే చాలామంది స్థానికుల కంటే ముందున్నట్టే. ఉద్యం నమోదు ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, దానికి డబ్బులు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల్లో పెట్టుబడి 2.5 కోట్లలోపు, టర్నోవరు 10 కోట్లలోపు ఉన్న సంస్థ సూక్ష్మ సంస్థే కనుక, మండలాల్లోని దాదాపు అన్ని వర్క్‌షాపులూ అందులోకి వస్తాయి.

కొనుగోళ్ల విభాగానికి వెళ్లేటప్పుడు "ఏదైనా పని ఇవ్వండి సార్" అని వెళితే ఎవరూ గుర్తుపెట్టుకోరు. చేసే పని, ఉన్న యంత్రాలు, ఇప్పటికే పనిచేసిన చోట్లు, గేటుకు ఎంతసేపట్లో రాగలరో ఒకే పేజీలో రాసి ఇవ్వాలి. వెండర్ కోడు వచ్చాక మొదటి చిన్న ఆర్డరును నష్టం లేకుండా, ఆలస్యం లేకుండా చేసి చూపితే తరువాతివి వాటంతటవే వస్తాయి. తాండూరులోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం వంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వేరే నియమం ఉంది. అవి తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యవస్థాపకులకు, 3 శాతం మహిళలకు కేటాయింపు ఉంది. ప్రైవేటు కంపెనీలకు ఈ నియమం లేదు.

నాలుగో అడుగు: చేసిన పనికి డబ్బు వసూలు చేసుకోవడం

చిన్న వ్యాపారిని దెబ్బతీసేది సాధారణంగా తక్కువ రేటు కాదు, ఆలస్యంగా వచ్చే చెల్లింపు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా అది 45 రోజులకు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే దాన్ని ఆమోదించినట్టు లెక్క. అందుకే గేటు దగ్గర చలానా మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవడం తప్పనిసరి. సెక్యూరిటీ మనిషి "తరువాత వేస్తాలే" అంటే బండి దించకుండా అక్కడే ఆగడం నేర్చుకోవాలి.

గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించాలి. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18 శాతం. రెండు లక్షల బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే వడ్డీయే తొమ్మిది వేలు దాటుతుంది. దీనికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు వేస్తే సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం నమోదు ఉన్నా ఈ చెల్లింపు రక్షణ లేదు, అది తయారీదారులకూ సేవలందించేవారికీ మాత్రమే. విడిభాగాలు అమ్ముతూ మరమ్మతులు కూడా చేసే దుకాణదారు, నిజంగా చేస్తున్న ఆ సేవను కూడా నమోదులో చూపించుకోవడం, దాని బిల్లు విడిగా వేయడం అవసరం.

ఫిర్యాదు చేస్తే మళ్లీ పని ఇవ్వరన్న భయం సహేతుకమైనదే. అందుకే అంతకంటే మెత్తగా పనిచేసే దారి ముందు ప్రయత్నించాలి. ఆదాయపు పన్ను చట్టంలో 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన (1961 నాటి చట్టంలో 43బి(హెచ్)) ఏం చెబుతుందంటే, సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లును గడువులోపు చెల్లించకపోతే, అసలు చెల్లించిన సంవత్సరంలోనే ఆ ఖర్చును లెక్కల్లో చూపుకోవాలి. అంటే మార్చి ముగిసేనాటికి గడువు దాటిన బాకీ మిగిలితే కంపెనీ ఆ మొత్తం మీద ముందే పన్ను కట్టాలి. కనుక ఫిబ్రవరిలో అకౌంట్స్ విభాగానికి ఉద్యం నంబరు, పెండింగు బిల్లుల పట్టిక జతచేసి మర్యాదగా ఒక లేఖ రాయాలి. కోపంగా చేసే పది ఫోన్ల కంటే అది బాగా పనిచేస్తుంది. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు ట్రెడ్స్ అనే, బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదికలో నమోదు కావాలన్న నియమం కూడా ఉంది. కొనుగోలుదారు అందులో బిల్లును అంగీకరిస్తే గడువు దాకా ఆగకుండా బ్యాంకు నుంచి కొంత తగ్గింపుతో డబ్బు తెచ్చుకోవచ్చు.

పెద్ద కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టు చేసేవారికి "పై నుంచి వచ్చాకే ఇస్తాం" అన్న షరతు తరచూ ఎదురవుతుంది. ఆ కాంట్రాక్టరు కూడా కొనుగోలుదారే కనుక 45 రోజుల పరిమితి అతనికీ వర్తిస్తుంది.

ఐదో అడుగు: కార్మికుడు తన నైపుణ్యాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడం

మట్టిపనిలో, బండ పనిలో పాలమూరు లేబర్‌కు దేశమంతటా పేరుంది. ఆనకట్టలు, కాలువలు, సొరంగాల దగ్గర తరాలుగా పనిచేసినవారు వాళ్లు. అయినా వాళ్ల సొంత జిల్లాల్లో గని వచ్చినప్పుడు వారికి దక్కేది ఎక్కువగా రోజు కూలీయే, ఎందుకంటే ఇరవై ఏళ్ల అనుభవం మేస్త్రీ నోట్లో ఉంది తప్ప ఏ పత్రంలోనూ లేదు. ఈ లోటును పూడ్చడమే కార్మికుడికి అన్నిటికంటే లాభసాటి పని.

గనిలో కొన్ని బాధ్యతలు ధ్రువపత్రం ఉన్నవారికే అప్పగించాలని చట్టం చెబుతుంది. మైనింగ్ మేట్ (గని పనివాళ్లను దగ్గరుండి చూసుకునేవాడు), బ్లాస్టర్ (పేలుళ్లు జరిపేవాడు), ఫోర్‌మన్, మేనేజరు పోస్టులు అలాంటివి. వీటికి పరీక్షలు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆధ్వర్యంలో జరుగుతాయి, దాని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. దరఖాస్తుకు గనిలో చేసిన పని అనుభవం, వైద్య ధ్రువపత్రం, ప్రథమ చికిత్స ధ్రువపత్రం కావాలి. అందువల్ల గనిలో హెల్పరుగా చేరినవాడు మొదటి ఏడాది నుంచే, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ పని చేశాడో మేనేజరు సంతకంతో రాయించుకుంటూ ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆ పత్రం తీసుకోకుండా వదిలేస్తే, పరీక్ష రాసే వేళకు పాత కాంట్రాక్టరు ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తుంది. ఇప్పటికే పని వచ్చినవారికి గనుల రంగ నైపుణ్య మండలి ప్రమాణాల ప్రకారం పూర్వ నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఉంది. పొక్లెయిన్, డంపర్ నడిపేవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. రవాణా వాహన లైసెన్సుకు 2019లో కనీస విద్యార్హత నిబంధన తీసేశారు కనుక, బడి మానేసినవారికి కూడా ఈ దారి తెరిచే ఉంది.

మహిళలకు గని పని నిషిద్ధమన్న అభిప్రాయం ఇంకా ఉంది. 2019 జనవరి నుంచి, రాతపూర్వక సమ్మతితో, కనీసం ముగ్గురు కలిసి ఉండేలా, భద్రతా ఏర్పాట్లతో బహిరంగ గనుల్లో రాత్రి షిఫ్టుకూ వారిని తీసుకోవచ్చు. పగటి పనికి ఎలాగూ అభ్యంతరం లేదు. తూకం యంత్రం, నమూనాల ప్రయోగశాల, సర్వే, స్టోర్స్ పనుల్లో ఇంటరు, డిప్లొమా చదివిన అమ్మాయిలకు అవకాశం ఉంది.

నాలుగు కార్మిక స్మృతులు (కొత్త కార్మిక చట్టాలు) 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, అదనపు గంటలకు రెట్టింపు కూలి చెల్లించాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యాజమాన్యమే చెల్లించాలన్న నియమం పాత చట్టంలోనూ ఉంది, కొత్త దానిలోనూ ఉంది. దాన్ని వాడుకోవాలంటే ఆ గనిలో పనిచేసినట్టు రుజువు ఉండాలి. గేట్‌పాస్ ఫొటో, హాజరు పట్టీ, బ్యాంకులో పడ్డ జీతం, పీఎఫ్ పాస్‌బుక్ ఆ రుజువులు. జీతం చీటీలో పీఎఫ్ కోసినట్టు చూపి ఖాతాలో వేయని కాంట్రాక్టర్లు ఉంటారు కనుక, మూడు నెలలకోసారైనా పాస్‌బుక్ చూసుకోవాలి.

ఆరోగ్య పరీక్షను గేటు దాటడానికి ఒక తంతుగా చూడకూడదు. గ్రానైట్, క్వార్ట్జ్ వంటి రాళ్ల ధూళిలో సిలికా ఎక్కువ, ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. చేరిన రోజు తీసిన ఛాతీ ఎక్స్‌రే నకలు కార్మికుడి ఇంట్లో ఉంటే, పదేళ్ల తరువాత జబ్బు ఎప్పుడు మొదలైందన్న వాదనలో అదే అతని సాక్షి.

ఆరో అడుగు: జిల్లా ఖనిజ నిధిలో శిక్షణకు వాటా అడగడం

2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి ఖనిజ జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఏర్పాటు చేశారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల నుంచి రాయల్టీలో (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) 30 శాతం, ఆ తరువాత వేలంలో పొందిన వాటి నుంచి 10 శాతం ఇందులో జమవుతుంది. సాధారణ సున్నపురాయికి రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. ఏడాదికి 10 లక్షల టన్నుల క్లింకర్ చేసే కర్మాగారం 15 లక్షల టన్నుల రాయి తవ్వితే రాయల్టీ 12 కోట్లు, పాత లీజైతే నిధికి చేరేది 3 కోట్ల 60 లక్షలు. ఇది కంపెనీ దయతో ఇచ్చే సామాజిక బాధ్యత సొమ్ము కాదు, దానికి అదనం.

ఈ నిధిలో తాగునీరు, వైద్యం, విద్య, నైపుణ్య శిక్షణ వంటి ప్రాధాన్య రంగాలకు కనీసం 60 శాతం ఖర్చు చేయాలని తొలి మార్గదర్శకాలు చెప్పగా, 2024 సవరణలో దాన్ని 70 శాతానికి పెంచారు. ఆచరణలో సీసీ రోడ్లూ ప్రహరీ గోడలూ అడిగినంత గట్టిగా శిక్షణను ఎవరూ అడగరు. గ్రామ సభ తీర్మానంలో "యువతకు శిక్షణ" అని వదిలేయకుండా, ఎంతమందికి, భారీ వాహన డ్రైవింగా, వెల్డింగా, మేట్ పరీక్ష శిక్షణా, ఎక్కడ, ఎంత ఖర్చుతో అన్నది రాసి కలెక్టరుకు పంపాలి. ఏటా ఏ ఊరికి ఎంత మంజూరైందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఉమ్మడి నల్లగొండను 2016లో విడదీశాక తమ మండలం గని సొమ్ము ఏ జిల్లా ఖాతాలోకి పోతున్నదో కూడా తేలుతుంది.

ఏడో అడుగు: లీజు గడువు చూసుకుని అప్పు చేయడం

2015కు ముందు కర్మాగారం సొంత అవసరానికి ఇచ్చిన లీజులు 2030 మార్చి 31 వరకు, లేదా చివరి పునరుద్ధరణ గడువు ముగిసేదాకా, లేదా మంజూరైన నాటి నుంచి 50 ఏళ్లు, మూడింటిలో ఏది చివరిదైతే అప్పటిదాకా చెల్లుతాయి. కొన్ని గనులకు ఆ తేదీ దగ్గరపడుతుంది, కొన్నిటికి దశాబ్దాలు మిగిలి ఉంటుంది. ఏడేళ్ల కిస్తీతో యంత్రం కొనేవారు తమ పక్క గని లీజు ఎప్పటిదాకా ఉందో జిల్లా గనుల శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. మొత్తం ఆదాయం ఒకే గేటు నుంచి వచ్చే వ్యాపారికి, లీజు ఉన్నా కిల్న్ ఆగిపోతే ఇబ్బందే. గొట్టాలు బిగించే యంత్రం వరి కోత యంత్రాలకూ, జేసీబీలకూ పనికొస్తుంది, యూనిఫాం కుట్టే మిషను బడి పిల్లల బట్టలూ కుడుతుంది. ఫలానా గనికి తప్ప ఇంకెక్కడా పనికిరాని యంత్రానికి అప్పు చేయాల్సి వస్తే, ఆ అప్పు కాలమంతటికీ సరిపడా వర్క్ ఆర్డరు చేతికి వచ్చాకే బ్యాంకు మెట్లెక్కాలి.